అంకె చెప్పగానే అడిగేది ‘ఎలా కొలిచారు?’ అనే

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మెటీరియల్స్ సైన్స్ (పదార్థ విజ్ఞానం) సింపోజియంల, అంటే పరిశోధకులు ఫలితాలు వినిపించే సదస్సుల కాలం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాటి గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపి, కొన్నింటికి కొంచెం పెద్ద జవాబులే ఇస్తున్నాం.

ప్రశ్న: స్టిర్ క్యాస్టింగ్ (కరిగిన లోహంలో పొడి వేసి తిప్పి పోతపోసే) పద్ధతిలో 6061 రకం అల్యూమినియం మిశ్రలోహంలో 10 శాతం సిలికాన్ కార్బైడ్ కలిపి చేసిన కాంపోజిట్ మీద ఒక సింపోజియంకు అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపాను. కాఠిన్యం 62 నుంచి 84 వికర్స్‌కు పెరిగింది. సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 2.66 వచ్చింది. ‘కొత్తదనం లేదు, వివరాలు చాలవు’ అని తిప్పి పంపారు. ఎక్కడ తప్పు జరిగింది?
– ఎం.టెక్. విద్యార్థి, వరంగల్

జవాబు: చేదు మాట ముందే చెప్పేస్తాం. మన ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చే అబ్‌స్ట్రాక్టుల్లో స్టిర్ క్యాస్టింగ్‌వి కుప్పలు తెప్పలు. మెత్తని లోహంలో గట్టి రేణువులు కలిపితే కాఠిన్యం పెరుగుతుందని పరిశీలకులకు ఎప్పుడో తెలుసు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి పదిహేను నిమిషాల సమయం ఎవరూ ఇవ్వరు. అయితే మీ అంకెల్లోనే మీరు చూడని విషయాలు మూడున్నాయి.

మొదటిది, 10 శాతం అంటే ఏ శాతం? బరువులోనా, ఘనపరిమాణంలోనా? సిలికాన్ కార్బైడ్ సాంద్రత 3.21, అల్యూమినియానిది 2.70. బరువులో 10 శాతం కలిపితే ఘనపరిమాణంలో అది 8.5 శాతమే అవుతుంది. ఆ లెక్కన కాంపోజిట్‌కు ఉండాల్సిన సాంద్రత 2.743. మీకు వచ్చింది 2.66. అంటే పోతలో దాదాపు 3 శాతం గాలి ఉంది. కలిపేటప్పుడు పుట్టే సుడి పైనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. పొడికి పట్టిన తేమ కరిగిన లోహంలో హైడ్రోజన్‌గా చేరుతుంది. పొడిని ముందుగా ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు వేడిచేశారో, కరిగిన లోహం రేణువులకు బాగా అంటుకోవడానికి మెగ్నీషియం ఎంత వేశారో, ఎన్ని ఆర్‌పీఎమ్‌తో ఎన్ని నిమిషాలు తిప్పారో, డీగ్యాసింగ్ (కరిగిన లోహంలోని వాయువులను తీసేయడం) చేశారో లేదో అబ్‌స్ట్రాక్టులో ఒక్క వాక్యంలో పట్టించవచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. 6061లో సిలికాన్ 0.4 నుంచి 0.8 శాతమే ఉంటుంది. అంత తక్కువ సిలికాన్ ఉన్న ద్రవ లోహంలో సిలికాన్ కార్బైడ్‌ను 750 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచితే రేణువు అంచున అల్యూమినియం కార్బైడ్ పుడుతుంది. అది పెళుసు, పైగా తేమ తగిలితే విడిపోతుంది. ఏడు శాతం దాకా సిలికాన్ ఉండే ఏ356 లాంటి క్యాస్టింగ్ మిశ్రలోహాల్లో ఈ బెడద చాలా తక్కువ. మరి 6061నే ఎందుకు తీసుకున్నారు? ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్షలో) ఆ కార్బైడ్ కోసం వెతికారా? లేదని తేలినా అది చెప్పుకోదగ్గ ఫలితమే.

మూడోది మిమ్మల్ని వేదిక మీద ఇరుకున పెట్టే ప్రశ్న. మీ 62 వికర్స్ పోతపోసిన స్థితిలోది. అదే 6061ను ఏమీ కలపకుండా టీ6 హీట్ ట్రీట్‌మెంట్ (వేడితో గట్టిపరచడం) చేస్తే 105 దాటుతుంది. ఇన్ని తంటాలు పడి 84 తెచ్చుకోవడం ఎందుకని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మూల లోహాన్నీ కాంపోజిట్‌నూ రెండు స్థితుల్లోనూ కొలిచి పక్కపక్కన పెట్టండి.

ఇక రాయడం సంగతి. 250 మాటల్లో రెండు వాక్యాలు ‘ఎందుకు’కి, మూడు ‘ఎలా’కి ఇచ్చి, మిగతా సగం అంకెలకే వదలండి. ప్రతి అంకె పక్కన ఎన్ని కొలతల సగటో, తేడా ఎంతో రాయండి. ‘ఫలితాలు చర్చించబడతాయి’ అన్న వాక్యాన్ని కొట్టేయండి. ఫలితాలు ఇంకా రాలేదని చెప్పే మర్యాదైన పద్ధతి అదేనని చదివేవాళ్లందరికీ తెలుసు.

ప్రశ్న: 20 గంటలు బాల్ మిల్లింగ్ (బంతులున్న జార్‌లో తిప్పి నలగ్గొట్టడం) చేసిన అల్యూమినియం పొడికి ఎక్స్‌ఆర్‌డీ తీసి, శిఖరం వెడల్పు నుంచి లెక్కకట్టే షెరర్ సూత్రంతో స్ఫటిక పరిమాణం కట్టాను. 38.4 డిగ్రీల శిఖరం, సగం ఎత్తు దగ్గర వెడల్పు 0.40 డిగ్రీలు, పరికరం వల్లే వచ్చే వెడల్పు 0.10 డిగ్రీలు. 0.38 నానోమీటర్లు వచ్చింది. పోస్టర్ దగ్గర ఒక పెద్దాయన చూసి, నవ్వి వెళ్లిపోయారు. ఎందుకో అర్థం కాలేదు.
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అల్యూమినియం యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న గడి) అంచే 0.405 నానోమీటర్లు. మీ లెక్క ప్రకారం స్ఫటికం తన సొంత గడి కన్నా చిన్నదైంది! ఆయన నవ్వింది అందుకే. చెప్పి వెళ్లి ఉంటే బాగుండేది.

తప్పు ఒక్కచోటే ఉంది. సూత్రం ఇది: పరిమాణం = 0.9 × తరంగదైర్ఘ్యం ÷ (బీటా × కాస్ తీటా). ఇందులో బీటా, అంటే శిఖరం వెడల్పు, రేడియన్లలో ఉండాలి. మీరు డిగ్రీల్లోనే వదిలేశారు. మళ్లీ కడదాం. పరికరం వెడల్పును వర్గాల పద్ధతిలో తీసేస్తే, 0.16 నుంచి 0.01 పోగా 0.15, దాని వర్గమూలం 0.387 డిగ్రీలు. రేడియన్లలో 0.00676. తీటా అంటే 38.4లో సగం, 19.2 డిగ్రీలు. దాని కాస్ 0.944. రాగి ఎక్స్‌రే గొట్టం తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లు. జవాబు 21.7 నానోమీటర్లు. సగం చేయడం మరిచి 38.4నే వేస్తే 26 వస్తుంది. ఇది రెండో మామూలు తప్పు. 0.38 లాగా ఇది కొట్టొచ్చినట్టు కనబడదు కాబట్టి దీనితోనే ఎక్కువ ప్రమాదం.

అలాగని పోస్టర్ మీద 21.7 అని రాసేయకండి. వర్గాల పద్ధతి శిఖరం గాసియన్ (గంట) ఆకారంలో ఉందన్న ఊహ మీద నడుస్తుంది. లొరెంజియన్ (అంచులు పొడవుగా సాగే ఆకారం) అనుకుంటే 0.40 నుంచి 0.10 నేరుగా తీసేయాలి. అప్పుడు 28 వస్తుంది. ఊహ ఒక్కటి మారితే 22 కాస్తా 28 అయినప్పుడు దశాంశ స్థానం రాయడంలో అర్థం లేదు. ‘సుమారు 20–30 నానోమీటర్లు’ అని, ఏ పద్ధతిలో తీసేశారో కింద చిన్న అక్షరాల్లో రాయండి.

ఇంకో మాట. మిల్లింగ్‌లో స్ఫటికం చిన్నదవడమే కాదు, లోపల వత్తిడికి వంకర్లు కూడా పోతుంది. రెండూ శిఖరాన్ని వెడల్పు చేసేవే. ఒక్క శిఖరంతో వాటిని విడదీయలేరు. అల్యూమినియానికి రాగి గొట్టంతో 38.5, 44.7, 65.1, 78.2, 82.4 డిగ్రీల దగ్గర అయిదు శిఖరాలు దొరుకుతాయి. అయిదింటి వెడల్పులూ కోణాలూ కలిపి విలియమ్సన్–హాల్ గీత గీయండి. గీత వాలు స్ట్రెయిన్‌ను (ఆ వంకరను), నిలువు అక్షాన్ని తాకే చోటు పరిమాణాన్ని చెబుతాయి. ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) కనిపించిన 20 మైక్రాన్ల రేణువును దీనితో పోల్చకండి. ఒక్కో రేణువులో ఇలాంటి స్ఫటికాలు కోట్ల కొద్దీ ఉంటాయి.

ప్రశ్న: సింటర్ చేసిన (పొడిని కరిగించకుండా వేడితో అతికించిన) అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, పెల్లెట్ సాంద్రత సిద్ధాంత సాంద్రతలో 97.7 శాతం అని చెబితే సెషన్ చైర్ ‘నీళ్లు పీల్చిన బరువు ఎంత?’ అని అడిగారు. నేను ఆ బరువు తీసుకోలేదు. పొడి బరువు 2.480 గ్రాములు, నీటిలో వేలాడదీసిన బరువు 1.845. ఈ రెండూ చాలవా?
– రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

జవాబు: చాలవు. మీరు పొడి బరువును, పొడి బరువుకూ నీటిలో బరువుకూ ఉన్న తేడాతో భాగించారు. పెల్లెట్ ఉపరితలానికి తెరుచుకున్న రంధ్రాల్లోకి నీరు వెళ్లిపోతే ఆ రంధ్రాలు మీ లెక్కలోకి రావు. మిగిలేది గట్టి భాగం, మూసుకుపోయిన రంధ్రాలు మాత్రమే. అందుకే సాంద్రత ఎక్కువగా కనిపిస్తుంది.

నీళ్లు పీల్చిన బరువు 2.500 గ్రాములు వచ్చిందనుకోండి. అప్పుడు ఘనపరిమాణానికి తీసుకోవాల్సిన తేడా 2.500 – 1.845 = 0.655. పొడి బరువు 2.480ని దానితో భాగించి, 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9957తో గుణిస్తే 3.77. అల్యూమినా సిద్ధాంత సాంద్రత 3.98తో పోలిస్తే 94.7 శాతం. మూడో తూకం ఎగ్గొడితే మూడు శాతం ఉచితంగా కలిసొచ్చింది చూశారా! పీల్చిన నీరు 0.020 గ్రాములు, కాబట్టి తెరిచిన రంధ్రాలు సుమారు 3 శాతం, మిగతా 2 శాతం పైచిలుకు మూసుకున్నవి. ఈ విడగొట్టడం చూపిస్తే చైర్ ఆ ప్రశ్న అడగరు.

చేసే తీరు: పెల్లెట్‌ను 110 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి పొడి బరువు తీసుకోండి. డిస్టిల్డ్ వాటర్‌లో, అడుగుకు తగలకుండా వేలాడదీసి రెండు గంటలు మరిగించి, అదే నీళ్లలో రాత్రంతా చల్లారనివ్వండి. వేలాడదీసిన బరువు ముందు, పీల్చిన బరువు తరువాత. పైన అంటిన నీటిని తడిపి పిండిన నూలు గుడ్డతో ఒక్కసారి దొర్లించి తీసి, వెంటనే తూచండి. పొడి గుడ్డతోనో టిష్యూతోనో తుడిస్తే అది రంధ్రాల్లోని నీటిని కూడా లాగేస్తుంది, మీ 20 మిల్లీగ్రాముల్లో సగం అక్కడే పోతుంది. వేలాడదీసే తీగకు గాలి బుడగలు అంటుకోకుండా నీళ్లలో ఒక చుక్క డిటర్జెంట్ వేయవచ్చు. ఏసీ గాలి తగిలే చోట బ్యాలెన్స్ పెట్టకండి. ఒక్క పెల్లెట్ కాదు, కనీసం మూడు తూచండి.

ప్రశ్న: కోబాల్ట్, క్రోమియం, ఇనుము, మాంగనీస్, నికెల్ సమపాళ్లలో కలిపి స్టీల్ జార్‌లో టోలుయిన్ (కార్బన్ ఉన్న ద్రావకం) పోసి 40 గంటలు మిల్లింగ్ చేశాం. స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ (కరెంటు, ఒత్తిడితో చేసే సింటరింగ్) తరువాత ఎక్స్‌ఆర్‌డీలో ఎఫ్‌సీసీ (ఘనం మూలల్లో, ముఖాల మధ్యలో పరమాణువులుండే అమరిక) శిఖరాలతో పాటు చిన్నచిన్న కొత్త శిఖరాలు వచ్చాయి. రెండో ఫేజ్ (వేరే స్ఫటిక అమరిక ఉన్న భాగం) దొరికిందని చెప్పుకోవచ్చా?
– పీహెచ్‌డీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: తొందరపడకండి. 2004లో కాంటర్ బృందం ప్రచురించిన మిశ్రలోహం ఇదే. కరిగించి పోతపోసినప్పుడు అది ఒకే ఎఫ్‌సీసీ ఫేజ్‌గా ఉంటుంది. పొడి మార్గంలో వచ్చే ‘రెండో ఫేజ్’ చాలాసార్లు క్రోమియం కార్బైడ్ అవుతుంది. కార్బన్ రాగల దారులు మీ దగ్గర రెండున్నాయి. మిల్లింగ్‌లో విరిగిన టోలుయిన్ ఒకటి, సింటరింగ్‌లో వాడే గ్రాఫైట్ డై, గ్రాఫైట్ రేకు మరొకటి. ఏదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ముక్క రెండు ముఖాల మీదా 0.3 మిల్లీమీటర్ల మందం పోయేలా అరగదీసి మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీయండి. శిఖరాలు మాయమైతే అది డై నుంచి పైపైన పట్టిన కార్బన్. అలాగే ఉంటే పొడిలోనే ఉంది. పొడిలో కార్బన్, ఆక్సిజన్ ఎంతో దహన పద్ధతి ఎనలైజర్‌తో కొలిపించండి. ఎస్‌ఈఎం ఈడీఎస్ (మైక్రోస్కోప్‌లోనే ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పరికరం) ఇచ్చే కార్బన్ అంకెను వేదిక మీద చూపకండి, అది నిలబడదు.

ఇనుము సంగతి కూడా అడుగుతారు. 40 గంటల్లో స్టీల్ బంతులు, జార్ అరుగుతాయి. అరిగిందంతా మీ పొడిలోకే. బంతులనూ ఖాళీ జార్‌నూ మిల్లింగ్‌కు ముందు, కడిగిన తరువాత తూస్తే మొదటి అంచనా దొరుకుతుంది. ఖాయం చేసుకోవడానికి ఐసీపీ (ప్లాస్మాతో మూలకాలను కొలిచే) విశ్లేషణ. ఇక్కడ ఈడీఎస్‌తో ఇంకో చిక్కుంది. ఆవర్తన పట్టికలో పక్కపక్కనున్న ఈ లోహాల ఎక్స్‌రే గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మాంగనీస్ కే-బీటా 6.49 కిలో ఎలక్ట్రాన్ వోల్టులైతే ఇనుము కే-ఆల్ఫా 6.40. సాఫ్ట్‌వేర్ వాటిని విడదీస్తుంది కానీ రెండో దశాంశం దాకా నమ్మదగినట్టు మాత్రం కాదు.

ఇంకో జాగ్రత్త. మిల్లింగ్ ఆపిన వెంటనే మూత తీయకండి. జార్ పూర్తిగా చల్లారాక, వీలైతే ఆర్గాన్ గ్లవ్ బాక్స్‌లో తెరవండి. టైటానియం, అల్యూమినియం ఉన్న పొడులైతే ఇది తప్పనిసరి, గాలి తగలగానే అంటుకోగలవు. అంటుకుంటే నీళ్లు పోయవద్దు. పొడి ఇసుక గానీ, లోహాల మంటలకని ప్రత్యేకంగా ఉండే డి తరగతి ఎక్స్‌టింగ్విషర్ గానీ అందుబాటులో పెట్టుకోండి.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సింపోజియంలు చాలా ఉన్నాయి, ఏవి మేలు?
– అధ్యాపకుడు, నల్లగొండ

జవాబు: వృత్తి సంఘాలు నడిపేవి మొదట చూడండి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్స్ వార్షిక సాంకేతిక సమావేశం లోహాల వాళ్లకు పెద్ద పండుగ. ఫిజిక్స్, కెమిస్ట్రీ వైపు నుంచి వచ్చేవారికి 1989లో పుట్టిన మెటీరియల్స్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా సమావేశాలు దగ్గరగా అనిపిస్తాయి. పొడి లోహ విద్యకు పౌడర్ మెటలర్జీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది. హైదరాబాద్‌లో జరిగేవి మాత్రం వదులుకోకండి. రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక మిశ్రలోహాలు చేసే మిధాని, అణు ఇంధనం చేసే ఎన్‌ఎఫ్‌సీ, బాలాపూర్‌లోని పొడి లోహ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఒకే ఊళ్లో ఉండటం వల్ల పొడులు, సూపర్ అల్లాయ్‌లు, జిర్కోనియం గొట్టాలు రోజూ చేతులతో చేసేవాళ్లు శ్రోతల్లో కూర్చుంటారు. ప్రశ్నలు కాస్త పదునుగానే వస్తాయి, అందుకే వెళ్లాలి.

ప్రశ్న: ఈమెయిల్‌లో ‘మీ ప్రసిద్ధ పరిశోధనను చూసి ఆహ్వానిస్తున్నాం’ అని విదేశీ సదస్సు నుంచి పిలుపు వచ్చింది. రిజిస్ట్రేషన్ 600 డాలర్లు. వెళ్లవచ్చా?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, కాకినాడ

జవాబు: డబ్బు కట్టకముందు మూడు పనులు చేయండి. కమిటీలో పేరున్న ఇద్దరికి వాళ్ల యూనివర్సిటీ ఈమెయిల్‌కే రాసి, నిజంగా ఉన్నారా అని అడగండి. కిందటేడాది కార్యక్రమ పుస్తకం పంపమని నిర్వాహకులను అడగండి. అది లేనివాళ్లు సాధారణంగా ఫొటోలు పంపుతారు. మెటీరియల్స్‌తో పాటు నర్సింగ్, మేనేజ్‌మెంట్ కూడా అదే హోటల్‌లో అదే రోజున ఉన్నాయేమో చూడండి. రెండు రోజుల్లో అబ్‌స్ట్రాక్ట్ అంగీకరిస్తే ఎవరూ చదవలేదనే అర్థం. మన ఊరి పేరు కూడా ఇందులో ఉంది మరి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఓమిక్స్ సంస్థ జర్నళ్లు, సదస్సుల విషయంలో పరిశోధకులను తప్పుదారి పట్టించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పునిచ్చింది.

ప్రశ్న: మాది పౌడర్ మెటలర్జీ (పొడి లోహ) పద్ధతిలో బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే గొట్టపు భాగాలు చేసే చిన్న పరిశ్రమ. కాలేజీతో కలిసి కొత్త సింటరింగ్ పద్ధతి కనిపెట్టాం. విద్యార్థి దాన్ని సింపోజియంలో చెబుతానంటున్నాడు. పేటెంట్ పోతుందా?
– పారిశ్రామికవేత్త, జీడిమెట్ల

జవాబు: ముందు దరఖాస్తు, తరువాతే ప్రసంగం. మన 1970 పేటెంట్ల చట్టం 31వ సెక్షన్ కింద, ఆవిష్కర్త విద్వత్ సంఘం ముందు చదివిన పత్రానికి 12 నెలల వెసులుబాటు ఉంది. కానీ మీ సదస్సు ఆ నిర్వచనంలోకి వస్తుందా అన్న వాదన తరువాత మీ నెత్తిన పడుతుంది. యూరప్‌లోనైతే ఈ వెసులుబాటు దొరకదు. చాలామంది మరిచేది ఇంకొకటుంది. అబ్‌స్ట్రాక్టుల పుస్తకం సదస్సుకు ముందే నెట్‌లో పెడతారు. బయటపెట్టిన తేదీ అదే అవుతుంది, ప్రసంగం రోజు కాదు.

కాబట్టి అబ్‌స్ట్రాక్ట్ పంపే ముందే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ గురించిన తాత్కాలిక వివరణ పత్రం) వేయండి. ఫారం 1, ఫారం 2 ఉంటే మొదలవుతుంది. చిన్న పరిశ్రమకు, విద్యాసంస్థకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై కార్యాలయమే. అక్కడి నుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ప్రొవిజనలే కదా అని నాలుగు గాలి వాక్యాలు రాయకండి. అందులో లేని ఉష్ణోగ్రతకు, సమయానికి, పొడి కూర్పుకు ఆ ముందు తేదీ వర్తించదు. ఉదాహరణకు ‘1120 డిగ్రీల దగ్గర’ అని ఒక్క అంకె కాకుండా, మీరు నిజంగా పరీక్షించిన కింది హద్దు, పై హద్దు రెండూ రాయండి. కాలేజీతో హక్కుల వాటా కాగితం మీద పెట్టుకోవడం కూడా అప్పుడే.

ప్రశ్న: పోస్టర్ ఏ సైజు? ఫ్లెక్స్ మీద వేయించవచ్చా?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఏ0 నిలువుగా, అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. అడ్డంగా వేయిస్తే మీటరు వెడల్పు బోర్డుకు రెండు వైపులా రెక్కల్లా వేలాడుతుంది. కాబట్టి బోర్డు కొలత ముందే కనుక్కోండి. లోపలి పాఠం అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు, శీర్షిక 80కి పైన. ఎస్‌ఈఎం బొమ్మ 1024 పిక్సెళ్ల వెడల్పు ఉంటే దాన్ని 20 సెంటీమీటర్లకు సాగదీసినప్పుడు అంగుళానికి 130 చుక్కలే మిగులుతాయి, మసకబారుతుంది. పరికరం దగ్గరే 2048కి సేవ్ చేయించుకోండి. బొమ్మ కింది వివరాల పట్టీని కత్తిరించేవాళ్లు స్కేల్ బార్‌ను (కొలత గీతను) కూడా కత్తిరించేస్తారు. కొత్తగా గీసుకుని, పక్కన పెద్ద అక్షరాల్లో మైక్రాన్లు రాయండి. ఫ్లెక్స్ చవక, తడిసినా పాడవదు. కానీ దాని బరువుకు డబుల్ సైడ్ టేప్ మధ్యాహ్నానికల్లా ఊడొస్తుంది. పిన్నులు గుచ్చనిచ్చే బోర్డు కాకపోతే మ్యాట్ కాగితమే వేయించి, గొట్టంలో చుట్టి తీసుకెళ్లండి. రైల్లో పై బెర్తు మీద పెట్టి దిగేటప్పుడు మరిచిపోయేవాళ్లు ఏటా ఉంటారు, పీడీఎఫ్ ఫోన్‌లో ఉంచుకోండి.